ఆకుపచ్చ పరికిణీ

గత ఏడాది మార్చి మొదటి వారంలో, పార్లమెంటు బడ్జెట్ సమావేశాల రెండో విడత కోసం ఢిల్లీ పాత్రికేయులమంతా సిద్ధమవుతున్న రోజుల్లో, ఒక అమ్మాయి నాకు ఫోన్ చేసి తన పెళ్లికి సాక్షిగా సంతకం చేయాలని కోరింది. కొంతకాలం మా బ్యూరోలో పనిచేసి, తర్వాత మరో పత్రికకు మారిన అమ్మాయి. ఊరు మంగళగిరి. తాత గుంటమగ్గంలో కూర్చుని నేసినవాడు. తండ్రి మగ్గం దిగి చిన్న బట్టల కొట్టు పెట్టుకున్నాడు. అబ్బాయిది పాత ఢిల్లీ. బడిలో లెక్కలు చెబుతాడు. ముస్లిం. ఈ ఒక్క మాటతో మిగతా కథను పాఠకులే పూరించుకోగలరు కనుక మంగళగిరి ఇంట్లో ఏం జరిగిందో నేను వివరించబోను.

ఈ పెళ్లికి ముహూర్తం పెట్టింది పంచాంగం కాదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. మార్చి 3న నోటీసు ఇచ్చారు. అది ముప్ఫై రోజులు కార్యాలయం గోడ మీద అందరికీ కనబడేలా ఉండాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవాలి. ప్రేమించుకున్న ఇద్దరి పేర్లూ చిరునామాలూ ఇలా గోడకెక్కించడం ఎవరి మేలు కోసమని ప్రశ్నించిన అలహాబాదు హైకోర్టు, 2021 జనవరిలో నోటీసు ప్రచురణ జంట ఇష్టానికి వదలాలని తీర్పు చెప్పింది. కానీ అది ఆ రాష్ట్రానికి పరిమితమైన తీర్పు. ఢిల్లీలో నోటీసు గోడ మీదే ఉంది. గడువు ముగిశాక దొరికిన వీలైన రోజు ఏప్రిల్ 4, శుక్రవారం. ఉగాది వెళ్లిన అయిదో రోజు, చైత్రమాసం. చట్టానికి తెలియకుండానే వసంతంలో పెళ్లి కుదిరింది.

అధికారి ముందు ముగ్గురు సాక్షులు ఉండాలి. ఆమెతో గది పంచుకునే స్నేహితురాలు ఒకరు, అబ్బాయి మేనమామ ఒకరు, నేను ఒకణ్ణి. సరేనన్నాను. ఫోన్ పెట్టేయబోతుండగా ఆమె కాసేపు ఆగి మరో మాట చెప్పింది.

"సార్, మా వైపు నుంచి ఎవరూ రారు. మీరు రోజూ వేసుకునే ఖద్దరు కుర్తాలో కాకుండా పంచె కట్టుకుని రండి. పాపను కూడా తీసుకురండి, పరికిణీ కుట్టించి. ఫోటో చూసినవాళ్లకు మావాళ్లు కూడా ఉన్నారనిపించాలి."

ఇరవై ఏళ్లుగా ఢిల్లీలో ఎందరో నాయకుల విన్నపాలు విన్నాను. ఇంత బరువైన విన్నపం నాకు ఎవరూ చేయలేదు. ఒక మొత్తం కుటుంబం రాకపోవడాన్ని ఒక పంచె, ఒక పరికిణీ కప్పిపుచ్చాలి.

ఇంతవరకూ మా అమ్మాయి బట్టలు కొనడం ఎన్నడూ నా పని కాలేదు. ఆ పని చూసే నా భార్య విశాఖలో బ్యాంకు ఉద్యోగి. మార్చి వస్తే నెలాఖరు లెక్కలు, ఏప్రిల్ వస్తే ఆడిట్. ఆ అయిదారు వారాలు ఆమె మాకు ఫోనులోనే దొరుకుతుంది. కనుక తొమ్మిదేళ్ల పిల్లను వెంటబెట్టుకుని ఢిల్లీ బజారుల మీద పడవలసిన బాధ్యత నాది. చేనేత మీద నేను రాసిన సంపాదకీయ వ్యాసాలు ఒక సంచికి సరిపోతాయి. 2009-10 లెక్కల్లో 43 లక్షలకు పైగా ఉన్న చేనేత కార్మికులు 2019-20 నాటికి 35 లక్షల చిల్లరకు పడిపోయారనీ, 2015లో ఆగస్టు 7ను జాతీయ చేనేత దినంగా ప్రకటించిన ప్రభుత్వమే 2020 జూలైలో అఖిల భారత చేనేత మండలిని రద్దు చేసిందనీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ తొమ్మిదేళ్ల పిల్లకు పరికిణీ కుట్టించడానికి ఎన్ని మీటర్ల గుడ్డ కావాలో నాకు తెలియదు.

మొదట సులభమైన దారి వెతికాను. ఇంటికి దగ్గరలోని మాల్‌లో పిల్లల దుస్తుల అంతస్తుకు వెళ్లాం. అక్కడ పెళ్లి బట్టలంటే రెండే రకాలు. ఒకటి ఇంగ్లీషు కథల్లోని రాకుమారి గౌను. రెండోది హిందీ సినిమాలోని లెహంగా. రెండూ పాలియెస్టరే. మా అమ్మాయి గులాబీ గౌను వేసుకుని అద్దం ముందు మూడుసార్లు గిరగిరా తిరిగింది. నాలుగోసారికి వీపు గోక్కోవడం మొదలుపెట్టింది. లోపల గట్టిగా నిలబడే వల గుడ్డ, దాని అతుకుల దగ్గర లైనింగు లేదు. ఏప్రిల్ నెలలో ఢిల్లీ పొద్దున చల్లగానే ఉండి, మధ్యాహ్నానికి పెనంలా మారుతుంది. ఆ గౌనులో పిల్ల గంటసేపు కూడా కూర్చోలేదు. ధర చూశాను. నేను కట్టుకునే ఏ ఖద్దరు కుర్తా ధరైనా దానిలో సగం ఉండదు. (వెయ్యి రూపాయలు దాటిన సిద్ధ దుస్తుల మీద అప్పట్లో జీఎస్టీ 12 శాతం. గత సెప్టెంబరు 22 నుంచి 2,500 వరకు అయిదు శాతమూ, ఆపైన 18 శాతమూ అయింది. మీటర్ల లెక్కన కొనే గుడ్డకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ అయిదే. కుట్టించుకునేవాడికి పన్ను దయ చూపుతుందని ఇన్నాళ్లూ నేను గమనించనే లేదు.)

"ఇది బాగుంది గానీ గుచ్చుకుంటోంది నాన్నా" అని పిల్లే తీర్పు చెప్పింది.

మార్చి 22, శనివారం నాడు చాందినీ చౌక్ వెళ్లాం. గల్లీ లోపల గల్లీ, దాని లోపల కినారీ బజారు. జరీ అంచులు, గోటా, తలపాగాలు, పెళ్లికి కావలసిన సమస్తమూ అక్కడే. రంజాన్ మాసం కావడంతో జామా మసీదు వైపు సాయంత్రపు సందడి అప్పుడే మొదలవుతోంది. ఇటువైపు మాత్రం పెళ్లి దుకాణాల్లో పెద్దగా జనం లేరు. సూర్యుడు మీనరాశిలో ఉండే నెలను ఉత్తరాదివారు ఖర్మాస్ అంటారు. మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు అక్కడ పెళ్లిళ్లు జరగవు. ఈ సంగతి నాకు తెలుసు గానీ, ఆ దుకాణంలో మెట్టెక్కి కూర్చున్నప్పుడు గుర్తు రాలేదు.

దుకాణదారు పెద్దాయన. మా అమ్మాయికి నిమ్మరసం తెప్పించి ఇచ్చాడు. చిన్న లెహంగాలు ఒక్కొక్కటే పరుస్తూ, పెళ్లి ఎప్పుడని అడిగాడు. ఏప్రిల్ 4 అన్నాను. చేతిలో లెహంగా ఆగింది.

"ఖర్మాస్‌లోనా?"

"మా దక్షిణాదిలో ఖర్మాస్ పట్టింపు లేదు" అన్నాను. ఇది అబద్ధం కాదు. నిజం మాత్రం అది కాదు.

"అది రిజిస్టరాఫీసు పెళ్లి" అని హిందీలో చెప్పింది మా అమ్మాయి, నిమ్మరసం తాగుతూ.

ఆయన నవ్వాడు. దురుద్దేశంతో నవ్వినట్లు నాకు అనిపించలేదు. "అయితే ప్రేమ వివాహం. అబ్బాయి ఏ బిరాదరీ?" అని అడిగాడు. మన వైపు 'మీరేవిట్లు' అని రైలులో ఎదుటి సీటాయన అడిగినంత మామూలుగా అడిగాడు. నేను "తెలియదండీ, దూరపు బంధువులు" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎంత చులాగ్గా వచ్చిందంటే, దాన్ని ఎప్పటినుంచో అక్కడ సిద్ధంగా పెట్టుకున్నట్లుంది. ఏదీ కొనకుండానే లేచి వచ్చేశాం.

మెట్రోలో పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. రాజీవ్ చౌక్‌లో రైలు మారాక అడిగింది: "నీకు తెలుసు కదా నాన్నా. ఆ అంకుల్ మనింటికి వచ్చి నాకు భాగహారం నేర్పించాడు కదా. ఎందుకు తెలియదన్నావు?"

జవాబు చెప్పాలంటే ఆమెకు ఆ నెల సంగతులన్నీ చెప్పాలి. మార్చి 14న హోలీ, శుక్రవారం కలిసివచ్చాయని సంభల్‌లో, షాజహాన్‌పూర్‌లో ఊరేగింపు దారిలోని మసీదులను టార్పాలిన్లతో కప్పిన సంగతి చెప్పాలి. అంతకుముందు, 2019 డిసెంబరులో దుమ్కా ఎన్నికల సభలో, నిప్పు పెడుతున్నవారెవరో వారి దుస్తులను బట్టే తెలిసిపోతుందని సాక్షాత్తూ ప్రధానమంత్రి అన్న మాట చెప్పాలి. కర్ణాటకలో ఆడపిల్లల తలమీది గుడ్డ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2022 అక్టోబరులో ఇద్దరు న్యాయమూర్తుల చేత రెండు వేర్వేరు తీర్పులు రాయించి, ఇంకా తేలకుండా ఉన్న వైనం చెప్పాలి. వీటన్నిటి మీదా నేను వ్యాసాలు రాశాను. నిర్భయంగా రాశానని మెచ్చుకుంటూ మీలో కొందరు ఉత్తరాలు రాశారు. ఆ నిర్భయమంతా కినారీ బజారులో నిమ్మరసం ఇచ్చిన ఒక ముసలాయన ఎదుట నిలబడలేదు. "ఆయనకు చెప్పాల్సిన అవసరం లేదమ్మా" అన్నాను. "అవసరం లేకపోతే చెప్పనక్కర్లేదు. తెలియదని ఎందుకు చెప్పావు?" అంది. మా స్టేషను రావడం నా అదృష్టం.

మరునాడు ఆదివారం ఢిల్లీ హాట్ వెళ్లాం, ఐఎన్‌ఏ దగ్గరిది. అక్కడి దుకాణాలు శాశ్వతం కాదు. చేతిపనివారికి పదిహేను రోజుల చొప్పున వంతుల వారీగా ఇస్తారు. ఏ వారం ఎవరుంటారో చెప్పలేం. మా భాగ్యం కొద్దీ ఆ వారం గుంటూరు వైపు నేతన్న ఒకరు ఉన్నారు. మంగళగిరి నూలు తానులు గోడకు ఆనించి నిలబెట్టి ఉన్నాయి. మంగళగిరి నేత ఆడంబరం లేనిది. ఒంటిమీద పూలూ బుటాలూ ఉండవు. సాదా గుడ్డ, అంచున జరీ, అంతే. అందుకే అది వేసవికీ బాగుంటుంది, పిల్లలకూ బాగుంటుంది. ఎంత ఉతికితే అంత మెత్తబడుతుంది.

పిల్ల నేరుగా వెళ్లి ఒక చిలకపచ్చ తాను మీద చెయ్యి వేసింది. వంగపండు రంగు అంచు. మా అమ్మ పెట్టెలో ఇలాంటి జంట రంగుల చీర ఒకటి ఉండేది. తెలుగు పెళ్లిలో ఆకుపచ్చ లేనిదెక్కడ? మామిడాకుల తోరణం ఆకుపచ్చ, అరటి బోదె ఆకుపచ్చ, పెళ్లికూతురి గాజులు ఆకుపచ్చ. అయినా నేను అన్న మాట ఏమిటో తెలుసా? "పసుపు బాగుంటుందేమో చూడమ్మా, వసంతం కదా."

అంటూనే నా మాట నాకు వినిపించింది. ఆ పెళ్లి ఫోటో ఎక్కడెక్కడికో పోతుంది. మంగళగిరి చేరుతుంది, అక్కడినుంచి ఎవరి ఫోనులోకో చేరుతుంది. పెళ్లికూతురి పక్కన ఆకుపచ్చ బట్టలో ఒక తెలుగు పిల్ల. చూసేవాడు దాన్ని ఏమని చదువుతాడు? నేను లెక్క వేసింది ఇదీ. చిలకకూ మామిడి పిందెకూ చెందిన రంగును నేను ఒక మతానికి రాసిచ్చేశాను. ఎవరూ నన్ను అడగలేదు, నోటీసు అంటించలేదు, కర్ర పట్టుకుని నిలబడలేదు. నా కన్నే ఆ పని చేసింది.

పైగా పసుపు మాత్రం ఎవరి సొంతం? వసంత పంచమి నాడు నిజాముద్దీన్ దర్గాకు వెళ్లి చూడండి. మేనల్లుడు పోయిన దుఃఖంలో మాట మరచిన గురువును నవ్వించడానికి అమీర్ ఖుస్రో పసుపు బట్టలు కట్టి, ఆవపూలు పట్టుకుని పాడుతూ వచ్చాడని కథ. ఇప్పటికీ ఆ రోజు అక్కడ ఖవ్వాలులు పసుపు కండువాలతోనే పాడతారు. గురువు దుఃఖం తీర్చడానికి శిష్యుడు రంగు మార్చుకున్న ఊరు ఇది.

సందేహం తీర్చుకోవడానికి పెళ్లికూతురికే ఫోన్ చేశాను. విషయం విని పకపకా నవ్వింది. "పసుపు కట్టిస్తే మా ఊళ్లో పార్టీ బట్ట అంటారు సార్!" 2019లో లోకేశ్‌ను ఓడించి 2024లో గెలిపించిన నియోజకవర్గపు ఆడపడుచు, ఆమెకు తెలియని రంగుల రాజకీయం ఏముంటుంది? నీలం వద్దు, గులాబీ వద్దు, కాషాయం వద్దు, పసుపు వద్దు, ఆకుపచ్చ వద్దు అనుకుంటూ పోతే చివరికి తెల్లబట్ట మిగులుతుంది; తెల్లబట్ట నాయకులు తీసుకుపోయారు. "పాపకు ఏది నచ్చితే అదే తీసుకోండి సార్" అంది.

మూడు మీటర్ల చిలకపచ్చ, జాకెట్టుకు ఒకటింపావు మీటరు గంధం రంగు. పరికిణీకి ఎంత గుడ్డ పడుతుందో పిల్లను నిలబెట్టి, చేత్తో కొలిచి, నేతన్నే చెప్పాడు. రెండు వేల రూపాయలు కాలేదు. నాకొక పంచెల చాపు, ఉత్తరీయం కూడా అక్కడే తీసుకున్నాను. తర్వాత నెల తిరగకుండానే, ఏప్రిల్ 30 రాత్రి ఆ ఢిల్లీ హాట్‌లో మంటలు చెలరేగి పాతిక వరకు దుకాణాలు దగ్ధమయ్యాయి. వార్త విన్నప్పుడు మొదట గుర్తొచ్చింది ఆ గుంటూరాయనే. వంతు ముగిసి అప్పటికే ఊరు వెళ్లిపోయి ఉంటాడు. ఆయన స్థానంలో వచ్చిన మరెవరి తానులో కాలిపోయి ఉంటాయి.

గుడ్డ దొరికింది. కుట్టేవాడు దొరకాలి. మయూర్ విహార్‌లో మా ఇంటి వెనుక గల్లీలో ఒక దర్జీ ఉన్నాడు. బరేలీ వైపు మనిషి. పదేళ్లుగా మా ఇంటి జాకెట్లన్నీ ఆయనవే. ఈద్‌కు వారం ఉంది. కొట్టు నిండా కొత్త బట్టలు, కుట్టుమిషను చప్పుడు వీధి చివరి దాకా. పరికిణీ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. నా భార్య వీడియోలో కనిపించి వివరించింది: కుచ్చులు నడుము దగ్గర దగ్గరగా రావాలి, జాకెట్టుకు బుట్టచేతులు పెట్టాలి, పట్టీలో నాడా కాదు, కొక్కేలు. "ఏమండీ, ముఖ్యమైనది మరిచిపోకండి. పిల్ల పెరుగుతుంది. అంచుకు పైన లోపలివైపు మడతలు వేయించండి. మూడైనా ఉండాలి. ఏడాదికొకటి విప్పుకోవచ్చు."

కొలతలు తీసుకోవలసి వచ్చేసరికి ఆయన టేపు చేతిలో పట్టుకుని వెనక్కి జరిగాడు. లోపలి నుంచి భార్యను పిలిచాడు. ఇదివరకెన్నడూ ఇలా చేయలేదు. 2024 నవంబరులో, ఆడవారి కొలతలు మగ దర్జీలు తీసుకోకూడదని ఉత్తరప్రదేశ్ మహిళా కమిషన్ ప్రతిపాదించింది. ప్రతిపాదన మాత్రమే, పైగా పక్క రాష్ట్రానిది. కానీ కాస్త దూరం వెళితే ఆ రాష్ట్రమే. ఆయన అన్నదమ్ములంతా అక్కడే కొట్లు పెట్టుకుని ఉన్నారు. తొమ్మిదేళ్ల పిల్ల భుజం మీద టేపు వేయడానికి పదేళ్ల పరిచయం చాలలేదు. ఆయన భార్య కొలుస్తూ అంకెలు చెబుతుంటే, ఆయన గోడవైపు తిరిగి రాసుకున్నాడు.

పెళ్లి ఎవరిదని ఆయన అడగలేదు. నేనే చెప్పాను. మొన్నటి అబద్ధానికి ప్రాయశ్చిత్తం చేసుకోవాలనే ఆత్రంతో, అమ్మాయి ఎవరు, అబ్బాయి ఎవరు, చట్టం ఏది, అన్నీ చెప్పేశాను. కుట్టుమిషను ఆగింది. ఆయన వీధివైపు ఒకసారి చూసి, "ఇవేవీ నాకు చెప్పకండి సార్. గుడ్డ ఇచ్చారు, తారీఖు చెప్పారు, అది చాలు" అన్నాడు. కోపం లేదు. అభ్యర్థన అది. రేపు ఎవరైనా వచ్చి అడిగితే తెలియదని చెప్పగలిగే స్వేచ్ఛను ఆయన అడుగుతున్నాడు. చాందినీ చౌక్‌లో నేను అబద్ధం చెప్పినందుకు నాకు పోయేదేమీ లేదు. ఇక్కడ నిజం చెప్పినందుకు ఆయనకు పోయేది ఉండవచ్చు. నా ప్రాయశ్చిత్తం ఖర్చును ఆయన ఖాతాలో వేసి వచ్చానని ఇంటికి నడుస్తున్నప్పుడు గానీ తట్టలేదు.

మార్చి 28, రంజాన్ చివరి శుక్రవారం. వక్ఫ్ సవరణ బిల్లుకు నిరసనగా నల్ల పట్టీలు కట్టుకుని నమాజుకు రావాలని ముస్లిం పర్సనల్ లా బోర్డు పిలుపునిచ్చింది. చేతికి ఆ నల్లగుడ్డ కట్టుకున్నందుకు ముజఫర్‌నగర్‌లో వందల మందికి రెండేసి లక్షల పూచీకత్తు నోటీసులు తర్వాత అందాయి. ఆదివారం మా ఇంట్లో ఉగాది పచ్చడి, సోమవారం పెళ్లికొడుకు ఇంటి నుంచి సేమ్యా పాయసం. బుధవారం లోక్‌సభలో బిల్లు; అర్ధరాత్రి దాటాక 288 మంది అనుకూలం, 232 మంది వ్యతిరేకం. గురువారం రాజ్యసభ. పిల్లను పక్కింటి ఆంటీ దగ్గర పడుకోబెట్టి ప్రెస్ గ్యాలరీకి వెళ్లాను. తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో 128, 95 అనే అంకెలతో అది కూడా ముగిసింది. వార్త పంపి ఇల్లు చేరేసరికి నాలుగయింది. ఎనిమిదింటికి పంచె కట్టుకోవాలి.

నాకు పంచె కట్టడం రాదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఇంతకుముందు రెండు మూడు పెళ్లిళ్లకు నడుము దగ్గర అతుక్కునే రకం పంచెతో నెట్టుకొచ్చాను. పంచెకట్టు రాజకీయాల మీద మాత్రం ధారాళంగా మాట్లాడగలను: 1921 సెప్టెంబరులో మదురైలో గాంధీ చొక్కా విడిచి కొల్లాయికి దిగడం, పీవీ పంచె, వైఎస్ పంచె, 2014లో చెన్నైలోని ఒక క్లబ్బు వేష్టి కట్టుకున్న హైకోర్టు న్యాయమూర్తిని గుమ్మంలోనే ఆపితే తమిళనాడు శాసనసభ ఏకంగా చట్టమే చేయడం. ఈ పరిజ్ఞానమేదీ కుచ్చిళ్లు నిలబెట్టడానికి పనికిరాలేదు. పిల్ల ఫోనులో ఒక వీడియో పెట్టి, నా ఎదురుగా మంచం మీద నిలబడి, "ఇప్పుడు ఎడమవైపు. కాదు, నీ ఎడమవైపు" అని నడిపించింది. మూడో ప్రయత్నానికి నిలిచింది. అనుమానంతో పైన బెల్టు కూడా పెట్టుకున్నాను. ఉత్తరీయం దాన్ని కప్పింది.

పరికిణీని పక్కింటి ఆంటీ ముందురోజు రాత్రే తెచ్చి పెట్టింది. పొద్దున్నే చూశాను. బుట్టచేతులు సరిగ్గా కుదిరాయి. చెప్పకపోయినా దర్జీ జాకెట్టు మెడకు వంగపండు రంగు సన్నని పట్టీ వేశాడు, పరికిణీ అంచుకు జోడు కలిసేలా. కూలి ఎంతని ఆంటీ అడిగితే జాకెట్టు డబ్బులే తీసుకున్నాడట, పరికిణీకి వద్దన్నాడట. ఎందుకని ఆమె అడగలేదు.

కార్యాలయంలో పదకొండుకు మా వంతు వచ్చింది. పెళ్లికూతురు తెల్ల నూలు చీరకు అంచుల్లో పసుపు తానే అద్దుకుంది, గదిలోని గిన్నెలో నీళ్లు కలిపి. మధుపర్కం ఎవరూ పంపని చోట మధుపర్కం చేసుకుంది. పెళ్లికొడుకు తల్లి ఈద్ నాటి గులాబీ రంగు జతలో వచ్చింది. మేనమామ మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. ఒంటిగంటకు జుమా నమాజు. అక్కడున్న వారిలో రాత్రి పార్లమెంటులో జరిగింది తెలియనివారు మా అమ్మాయి ఒక్కతే. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

చట్టం ప్రకారం మంత్రాలు అక్కర్లేదు గానీ ఒక వాక్యం తప్పనిసరి. నేను ఫలానా, నిన్ను నా చట్టబద్ధమైన భర్తగా స్వీకరిస్తున్నాను అని ఒకరికొకరు చెప్పుకోవాలి, ఇద్దరికీ అర్థమయ్యే భాషలో. హిందీలో చెప్పుకున్నారు. నేను సంతకం పెట్టడానికి వంగినప్పుడు కుచ్చిళ్లు జారాయి, బెల్టు కాపాడింది. బల్ల మీది సిరా డబ్బా వైపు మా అమ్మాయి ఆసక్తిగా వంగి, పరికిణీ కుచ్చుల మీద బొటనవేలంత నీలి మచ్చ చేసుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు. బయట వేపచెట్టు కింద ఫోటోలు తీసుకున్నాం. ఒకవైపు పదకొండు మంది. రెండోవైపు స్నేహితురాలు, నేను, మా అమ్మాయి. పిల్ల పరికిణీ రెండు చేతులా పట్టి ఎంత విప్పగలదో అంతా విప్పి నిలబడింది. ఆ వైపు కాస్త నిండినట్లే కనబడింది.

పది రోజుల తర్వాత పెళ్లికూతురు ఫోన్ చేసింది. నెలన్నరగా మాట్లాడని తల్లి ఆ పొద్దున ఫోన్ చేసిందట. తమ్ముడి ఫోనులో ఫోటో చూసిందట. పెళ్లి గురించి, అల్లుడి గురించి, ఆరోగ్యం గురించి ఏమీ అడగలేదట.

"ఆ పిల్ల కట్టుకున్నది మన మంగళగిరి గుడ్డేనా అని అడిగింది సార్. అవునన్నాను. కాసేపు ఊరుకుని, పెరిగే పిల్ల కదా, లోపల మడతలు ఎన్ని వేయించారో కనుక్కుని చెప్పమంది."

మూడని చెప్పమన్నాను.